పైనున్నవాడి మాట

బండి బొమ్మ మూడో రోజు కూడా భోజనాల బల్ల మీదే ఉంది.

ఆదివారం సాయంత్రం నా కొడుకు దాన్ని తెచ్చి అక్కడ పెట్టగానే, మా కోడలు చేతిలో ఉన్న గ్లాసు ఎక్కడిదక్కడ వదిలేసి వంటింట్లోకి పోయింది. అప్పటినుంచి బల్ల దగ్గరకు రావడం మానేసింది. పొయ్యి గట్టు పక్కన నిలబడి నాలుగు మెతుకులు తింటోంది. వాడేమో ఆ బొమ్మ పక్కనే కంచం పెట్టుకుని, కూర మరక దాని మీద పడకుండా చూసుకుంటూ తింటున్నాడు. తీసెయ్యమని ఆమె అనదు. తీసెయ్యాలని వీడికి తోచదు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

బొమ్మంటే ఏదో చీటీ ముక్క కాదు. నిగనిగలాడే దళసరి కాగితం, మూడు మడతలు. విప్పితే బల్ల సగం ఆక్రమించుకుంటుంది. నల్లటి బండి. రెండు సిలిండర్లట. ముగ్గురు మనుషుల బరువట. తాళం తిప్పి మీట నొక్కితే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుందట. అన్నీ ఆ కాగితం మీదే రాసి ఉన్నాయి, కుక్క సంగతి తప్ప. అది నేను కలిపాను. దాని ఖరీదుకి చిన్న కారు వస్తుంది. నాలుగు చక్రాలు వచ్చే డబ్బు పోసి రెండు చక్రాలు కొనే తెలివితేటలు మా ఇంటా వంటా లేవు, వీడికి ఎక్కణ్ణుంచి పట్టుకున్నాయో తెలియదు.

కానీ నా ఏడుపు ఖరీదు గురించి కాదు. ఆ డబ్బు దేనికోసం దాచిందన్నదే నా ఏడుపు. మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్ల మీదా బ్యాంకులో ఉన్న డబ్బది. పిల్లల కోసం మూడోసారి ఆసుపత్రి మెట్లెక్కడానికి కూడబెట్టుకున్నది. ఇప్పటికి రెండుసార్లు అయింది. రెండుసార్లూ నిలవలేదు. ఇద్దరివీ కలిపి గాజుగిన్నెలో పోసిన ప్రాణాలు ఇంకా రెండు మిగిలాయి, కంటికి కూడా ఆననివి. వాటిని ఆసుపత్రివాళ్లు చలిపెట్టెలో దాచి ఉంచారు. ముందు కోడలి గర్భసంచికి ఒక ఆపరేషను చేసి, తర్వాత వాటిని లోపల పెట్టి చూడాలి. కోడలికి నలభై దాటాయి. ఈ ఏడాది దాటితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది.

ఆ డబ్బుతో, "ఇది కొందామనుకుంటున్నాను" అన్నాడు నా కొడుకు. ఆ ఒక్క ముక్క అని కంచం ముందు కూర్చున్నాడు. కోడలు ఒక్క ముక్క కూడా అనలేదు.

మా ఇంట్లో నోరున్నది నాకొక్కదానికే. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాను నేను. వెనక మెట్టు మీద నిలబడి అరిస్తే ముందు స్టాపులో ఉన్నవాళ్లు చిల్లర తీసి పట్టుకునేవాళ్లని డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. అలాంటిదాని కడుపున ఈ మూగనోము ఎలా పుట్టాడో ఆ దేవుడికే తెలియాలి. పోనీ కోడలైనా వాగుడుకాయ వస్తుందనుకుంటే, మాట్లాడకపోవడంలో ఆమె వీడికి అక్కలాంటిది.

మంగళవారం పొద్దున వాడు బూట్లు వేసుకుంటుంటే పట్టుకున్నాను. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుందిరా నీ వ్యవహారం అన్నాను. వాడు తలెత్తకుండా, మీసాలు కూడా లేవు కదమ్మా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాక కోపం వచ్చింది. నవ్వించి తప్పించుకోవడం వాడికి చిన్నప్పటి విద్య. ఆ పిల్ల మూడు రోజులుగా నిలబడి తింటోంది, కనపడుతోందా అని అడిగాను. కనపడుతోందన్నాడు. మరైతే ఏమంటావురా అన్నాను. "సాయంత్రం చూద్దాం" అని పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

వాడితో కాదని మధ్యాహ్నం కోడలి కొట్టుకి వెళ్లాను. క్యారేజీ మర్చిపోయిందన్న వంక ఉంది నా చేతిలో. నిజానికి మర్చిపోలేదు, నేనే బీరువా వెనక దాచాను.

బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కొట్టది. నేను వెళ్లేసరికి కోడలు టేపు మెడలో వేసుకుని ఒక పిల్లకి కొలతలు తీస్తోంది. ఆ పిల్ల ఒక చోట నిలబడదు. తల్లి కసురుతోంది. మా కోడలు మాత్రం కసరకుండా, ఊపిరి బిగబట్టి ఎంత సేపుంటావో చూద్దామని పందెం వేసి, ఆ పిల్ల బుగ్గలు పూరించుకుని నిలబడ్డంతలో కొలతలన్నీ తీసేసింది. తర్వాత గౌను అడుగున నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి తల్లికి చూపించింది. ఎదిగే పిల్లల బట్టలకి ఆ మడత ఉండాలి. ఏడాది తిరిగేసరికి పిల్ల పొడుగైతే కుట్టు విప్పి దించుకోవచ్చు. మడత పెట్టకుండా కుడితే ఏ తల్లీ మళ్లీ ఆ కొట్టు మెట్లెక్కదు. ఈమెకి ఆ అలవాటు ఎంతగా ముదిరిందంటే, మా ఇంటి కిటికీ తెరలకి కూడా అడుగున మడత పెట్టింది. కిటికీ ఎదుగుతుందా అమ్మాయ్ అని నేను ఆటపట్టిస్తే ఒకప్పుడు నవ్వేది.

బేరం వెళ్లిపోయాక క్యారేజీ విప్పి ముందు పెట్టాను. తినమన్నాను. కూర్చుని తినమన్నాను. రెండు ముద్దలు తిన్నాక అడిగాను, నువ్వు ఒకసారి గట్టిగా అడిగితే వాడు ఆ కాగితం చింపి అవతల పారేస్తాడు కదా, ఎందుకడగవని.

ఆమె మెతుకులు కెలికింది. మొదటిసారి ఆసుపత్రికి పోదామా అని అడిగితే నీ ఇష్టం అన్నాడట. అది నిలవనప్పుడు మళ్లీ వెళ్దామా అని అడిగితే, నీ ఇష్టం అన్నాడట. ఆ రెండోసారి మందులు పడక పొట్టలో నీళ్లు చేరి, ఊపిరాడక ఈమె ఆసుపత్రిలో పడుకుంది. నేను కళ్లారా చూశాను. ఇంటికొచ్చాక ఇక చాలిద్దామా, ఇంకోసారి చూద్దామా అని అడిగితే, అప్పుడూ అదే మాటట.

"వేరే మాటే రాలేదు అత్తయ్యా ఆయన నోట్లోంచి. కావాలి అన్లేదు. వద్దు అన్లేదు. ఇన్నేళ్లకి సొంతంగా నోరు తెరిచి అడిగిందేంటంటే, బండి. నేనేమని అడగను?"

క్యారేజీ గిన్నెలు కడిగి సంచిలో పెట్టుకుని లేచాను. లేచినదాన్ని ఇంటికి పోకుండా తిన్నగా నా కొడుకు పనిచేస్తున్న చోటికి బస్సెక్కాను.

వాడు లిఫ్టు మెకానిక్కు. ఆ రోజు ఏదో ఎనిమిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు మొరాయించింది. తలుపు ముందు 'పని జరుగుచున్నది' అన్న పలక వేలాడుతోంది. తలుపు కొంచెం తెరిచి ఉంటే లోపల చీకటి గుయ్యారం కనిపిస్తోంది. వాడి జతగాడు, అందరూ పొట్టి అని పిలుస్తారు, కింద మీట దగ్గర నిలబడ్డాడు. నా కొడుకు పైనెక్కడో లిఫ్టు పెట్టె కప్పు మీద ఉన్నాడట. పొట్టి నన్ను చూసి స్టూలు జరిపి, పెద్దమ్మా కూర్చో, అయిపోవచ్చిందన్నాడు.

తర్వాత తల పైకెత్తి, "పైన మాట?" అని అరిచాడు.

పైనుంచి నా కొడుకు గొంతు, "ఆగు."

కాసేపటికి మళ్లీ, "పైన మాట?"

ఈసారి జవాబు రాలేదు. పొట్టి మీట మీద చెయ్యి కూడా వేయలేదు. ఏమైందిరా అంటే నవ్వాడు. పైనున్నవాడు చెప్పందే కిందివాడు మీట ముట్టకూడదట. తాళ్ల మధ్య తల పెట్టింది పైవాడు కాబట్టి మాట కూడా పైవాడిదేనట. జవాబు రాకపోతే 'పోనీ' అన్నాడనుకోకూడదు, 'ఆగు' అన్నాడనుకోవాలట. ఒకసారి పొట్టి పైన ఉండి నిద్రపోతే, నా కొడుకు కింద మధ్యాహ్నమంతా మీట ముట్టకుండా నిలబడ్డాడట. అన్నం కూడా తినలేదట. "మీవాడు ధర్మరాజు పెద్దమ్మా. ఆ మీట దగ్గర ఎవడైనా తొందరపడతాడు గానీ మీవాడు పడడు" అన్నాడు.

చివరికి పైనుంచి "పోనీ" అని వినిపించింది. లోపల తాళ్లు కదిలాయి.

నా కొడుకు గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసి బెదిరిపోయాడు. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. ఏమీ కాలేదురా, కూర్చో అని మెట్ల మీద కూర్చోబెట్టాను. పొట్టి టీ తెస్తానని పోయాడు. వాడు తెలివైనవాడు.

ఆమె అన్నదంతా చెప్పి, ఇప్పుడు చెప్పు, నీకు బిడ్డ కావాలా వద్దా అని అడిగాను. బస్సులో అయితే టికెట్టు తీస్తావా దిగుతావా అని అడిగేదాన్ని, అలాగే అడిగాను.

వాడు చేతిలో గుడ్డని అటూ ఇటూ తిప్పాడు. "ఆమె పైన ఉందమ్మా" అన్నాడు.

అర్థం కాలేదు నాకు.

"సూదులు ఆమెకి. కోత ఆమెకి. పొట్టలో నీళ్లు పట్టింది ఆమెకి. నేను కింద నిలబడి పోనీ అని ఎట్లా అంటాను? ఆగు అని మాత్రం ఎట్లా అంటాను? ఆమె చెప్పాలి. నేను ఆమె మాట కోసమే చూస్తున్నాను."

ఆమె నీ మాట కోసం చూస్తోందిరా అన్నాను. వాడు విననట్టే ఉన్నాడు. ఆ రెండోసారి ఆసుపత్రిలో ఆమె ఊపిరి కోసం కొట్టుకుంటుంటే తను బయట వరండాలో నిలబడ్డాడట. ఈసారి ఆమె పోతుందని వాడికి గట్టిగా అనిపిస్తోందట. ఆపెయ్యమంటే మొగుడు వద్దన్నాడన్న మాట జన్మంతా మిగిలిపోతుంది. ఆపకపోతే ఆమె మళ్లీ ఆ ఆపరేషను బల్ల మీద పడుకుంటుంది. డబ్బే లేకపోతే ఎవరూ ఎవరినీ ఆపక్కర్లేదు కదా, దానంతటదే ఆగుతుంది కదా అనుకున్నాడట.

ఒరేయ్, దానికి బండే దొరికిందా, పోగొట్టాలనుకుంటే వెయ్యి దార్లున్నాయి కదా అన్నాను.

అప్పుడు వాడి మొహం నేను చూడలేకపోయాను. "బండంటే నాకిష్టం. అబద్ధమెందుకు. పెళ్లికి ముందునుంచీ ఇష్టం. అదే సిగ్గుగా ఉంది" అన్నాడు. ఇదంతా ఆమెకి చెప్పొద్దన్నాడు.

చెప్పనన్నాను.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నాకు తెలియక కాదు. ఈ వయసుకి ఆ మాత్రం తెలుసు. కానీ బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది. వీళ్లిద్దరి మధ్యా ఉన్నది గోడ కాదు, తలుపు. ఎవరో ఒకరు తోస్తే తెరుచుకుంటుంది. నేను తోస్తాననుకున్నాను. ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సాయంత్రం కోడలు వచ్చి కాళ్లు కడుక్కోగానే చెప్పేశాను. లిఫ్టు, పైన మాట, వరండా, భయం, అన్నీ. పిచ్చిదానా, వాడికి నీ ప్రాణం మీద బెంగే, బండి మీద మోజు కాదు అన్నాను. మోజు కూడా ఉందన్న సంగతి మాత్రం మింగేశాను.

ఆమె తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అంటే ఆయనకి వద్దన్నమాట" అంది.

వద్దని కాదే, భయమని సర్దిచెప్పబోయాను.

"నాకు మాత్రం భయం లేదా అత్తయ్యా? ఊపిరాడనప్పుడు నాకూ అనిపించింది, ఇక చాలని. ఆయనకి కావాలేమో, నోరు తెరిచి అడగలేకపోతున్నారేమో అని ఓర్చుకున్నాను. ఆయన నాకోసమని ఊరుకున్నారు. నేను ఆయనకోసమని సూదులు పొడిపించుకున్నాను."

మరి నీకు, నీకు కావాలా వద్దా అని అడిగాను.

"కావాలి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు ఎర్రబడ్డాయి గానీ ఏడవలేదు. "కానీ నాకొక్కదానికే కావల్సిన బిడ్డని నేను కనలేను."

తువ్వాలు మడిచి తీగ మీద వేసి గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకోలేదు. వేసుకుని ఉంటే నాకు కొంత ధైర్యంగా ఉండేది.

నా కొడుకు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. వాడు కాళ్లు కడుక్కుని వచ్చి చూస్తే, కోడలు బల్ల దగ్గర కూర్చుని ఉంది. బండి కాగితాన్ని పూర్తిగా విప్పి, ఒక్కో వరసా వేలు పెట్టి చదువుతోంది. వాడి మొహంలో ఆశ కనిపించింది. చింపుతుందనుకున్నాడు కాబోలు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆమె తల ఎత్తి, రేపు సెలవు పెట్టండి, వెళ్లి కొనేద్దాం, డబ్బు బ్యాంకు నుంచే కట్టేద్దామంది. తోటకూర తెమ్మన్నంత మామూలుగా అంది.

వాడు నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను. మూగనోములకి కళ్లతో మాట్లాడుకోవడం బాగా వచ్చు, ఆ ఒక్క చూపుతో వాడికి అంతా అర్థమైపోయింది.

"నిజంగానేనా?" అన్నాడు.

"మీకిష్టమేగా?"

ఇక్కడైనా వాడు అబద్ధమాడాల్సింది. ఏ మొగుడైనా ఆడతాడు. వీడు నేల చూపులు చూస్తూ, "ఇష్టమే" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఆమె లేచి టేపు, గుండుసూదుల డబ్బా, బూడిదరంగు మందపాటి గుడ్డ ఒకటి తెచ్చింది. అంత వేగంగా పోయే బండి మీద ఈ పల్చటి ప్యాంటుతో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, నిలబడండి అంది. వాడు నిలబడ్డాడు. నడుము కొలిచింది, తొడ కొలిచింది, గుడ్డ కాలికి చుట్టి సూదులు గుచ్చుకుంటూ కిందికి దిగింది. చీలమండ దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు వాటంతటవే నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి సూది పెట్టేశాయి. నేను చూస్తూనే ఉన్నాను. వాడూ చూశాడు.

ఆమె చెయ్యి ఆగింది. మోకాళ్ల మీద కూర్చునే ఉంది, తల ఎత్తలేదు. ఇంత వయసొచ్చిన మనిషి ఇంకేం ఎదుగుతాడు, నాదంతా పిచ్చి అలవాటు అని గొణుక్కుంటూ సూదులు లాగేసింది. మడత విప్పింది. తర్వాత కత్తెర తీసుకుని, ఆ మిగిలిన గుడ్డని అంచు వెంబడి చుట్టూ కత్తిరించేసింది.

ఆ కత్తెర చప్పుడు అయ్యేదాకా వాడు కదలకుండా నిలబడ్డాడు. బడిపిల్లాడిలా నిలబడ్డాడు. వంగి ఆమె చెయ్యి పట్టుకోవచ్చు. ఒక్క మాట అనొచ్చు. నా నాలుక చివరికి వెయ్యి మాటలొచ్చాయి, కానీ పొద్దుటి నుంచీ నేను వాగినదాని ఫలితం నా కళ్ల ముందే కనపడుతోంది. కత్తిరించిన ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాను.

మర్నాడు బయల్దేరేముందు కోడలు నన్ను కూడా రమ్మంది. బండి మీద మీకు చోటు లేదు గానీ, కొనేటప్పుడు చూడ్డానికి ఎవరైనా ఉండాలిగా అత్తయ్యా అంది. ముగ్గురం బస్సులో వెళ్లాం. ఎవరి సీటు వాళ్లది.

బండ్ల కొట్టంటే నేను గ్రీజు వాసన ఊహించుకున్నాను. లోపల నేల మీద మొహం చూసుకోవచ్చు. చల్లగా ఉంది. అద్దాల గోడల మధ్య ఐదారు బండ్లు, ఒక్కోదాని మీదా విడివిడిగా దీపాలు. చక్కగా నవ్వే అమ్మాయి ఒకతె వచ్చి, సార్ మీరు మొన్న కూడా వచ్చారు కదా అంది. అంతకుముందు కూడా వచ్చారు కదా అంది. కోడలు వాడి వంక చూసింది. వాడు బూట్ల వంక చూసుకున్నాడు.

ఆ అమ్మాయి చెప్పుకుపోతోంది. ఎంత శక్తి, ఎంత వేగం, వాన దారిలో జారకుండా ఏమేం ఉన్నాయి, ఎన్నాళ్ల గ్యారంటీ. కోడలు శ్రద్ధగా వింటోంది. వెనక కూర్చునేవాళ్లు దేన్ని పట్టుకోవాలని కూడా అడిగింది. ఆ అమ్మాయి, సార్‌నే పట్టుకోవాలి మేడమ్ అని నవ్వింది. మాలో ఎవరం నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆపుకుని, కూర్చుని చూడండి సార్ అంది.

నా కొడుకు కాలు తిప్పి బండి మీద కూర్చున్నాడు.

ఇది నేను చెప్పకుండా ఉండలేను. వాడు రెండు చేతులూ హ్యాండిల్ మీద వేసి, బండిని స్టాండు మీంచి నిటారుగా ఎత్తి, దాని బరువంతా రెండు కాళ్ల మధ్యకి తెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి చెయ్యి చాచి మీట నొక్కింది. లోపల్నుంచి మెత్తటి ఉరుము లేచింది. నా అరికాళ్ల కింద నేల వణికింది. వాడి మొహం విచ్చుకుంది. వాడు మాకోసం దాన్ని దాచుకోవాలని చూశాడు, చేతకాలేదు. పెళ్లి ఫొటోలో కూడా వాడి మొహం అలా లేదు. కన్నతల్లిని, నాకే ఏడుపొచ్చింది. నవ్వుతున్న కొడుకుని చూసి ఏడవడమేంటి అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చి కోడలి వంక చూశాను. ఆమె బండిని చూడటం లేదు. ఆ మొహాన్నే చూస్తోంది.

వాడూ గమనించినట్టున్నాడు. ఇంజను ఆపేశాడు. బండి దిగాడు. దిగి నాలుగడుగులు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"వద్దు. ఈ బండి వద్దు. ఆ డబ్బు ఆసుపత్రికే కడదాం. నాకూ బిడ్డ కావాలి. ఇంకోసారి చూద్దాం" అన్నాడు.

ఎన్నేళ్లు పట్టిందో ఆ మాట రావడానికి. నా ఒంట్లో ప్రాణం లేచి వచ్చింది. అమ్మయ్య, ఇక ఇంటికి పోదాం అనబోయాను.

కోడలు తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆమె గొంతులో. కోపమే ఉంటే బాగుండేది.

"ఇప్పుడు దాని మీద కూర్చున్నప్పుడు మీ మొహం చూశాను. ఆ మొహంతో ఒక్కసారి నాతో ఆసుపత్రికి వచ్చారా?"

వాడు వెనక్కి తిరిగి బండి వంక చూశాడు.

"నాకోసం అంటున్నారు ఈ మాట. జాలికి అంటున్నారు. నాకు తెలుసు, నేనూ అట్లాగే చేశాను ఇన్నాళ్లు." తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది. పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసిందట. చలిపెట్టెలో దాచిన ఆ రెండింటినీ ఇక ఉంచొద్దని చెప్పిందట. ఒక్కళ్లు చెబితే తీసెయ్యరట, మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చి చెప్పాలట. సాయంత్రం రమ్మన్నారట. "బండి ఇవాళే ఇచ్చేస్తే దాని మీదే పోదాం" అంది.

జాలి కాదు, నిజంగానే, నిజంగానే అన్నాడు వాడు. అది నిజమో అబద్ధమో కన్నతల్లిని నాకే తెలియలేదు. పాపం ఆమెకెలా తెలుస్తుంది? అన్నేళ్లు ఒక్క మాటకీ నోచుకోని మనిషికి ఇప్పుడొచ్చి నిజమంటే ఏం నమ్మకం కుదురుతుంది?

ఆ బండ్ల అమ్మాయి పాపం అటూ ఇటూ చూసి, ఏదో ఒకటి అనాలి కాబట్టి, రెండు హెల్మెట్లు తమ తరఫున ఉచితమని, మేడమ్ సైజు చూసుకుంటారా అని అడిగింది. ఎర్ర గీత ఉన్న నల్లటిది ఒకటి తెచ్చి ఇచ్చింది. మొహమంతా మూసేసే రకం. ముందు నల్లటి అద్దం.

కోడలు దాన్ని రెండు చేతులతో అందుకుంది. జుట్టు వెనక్కి తోసుకుని తలకి తగిలించుకుంది. అద్దం కిందికి దించుకుంది. ఇప్పుడు ఆమె మొహంలో ఏమీ కనపడటం లేదు. ఆ అద్దంలో దీపాలూ బండీ మేమూ కనపడుతున్నాం.

సరిగ్గా సరిపోయింది మేడమ్ అంది ఆ అమ్మాయి.

కోడలు తియ్యలేదు. కాసేపయ్యాక కూడా తియ్యలేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. అద్దం లోపలివైపు ఆవిరి పట్టి, కింది అంచునుంచి తెల్లగా పైకి పాకుతోంది. ఆ అమ్మాయికి అప్పటికి అర్థమై రెండడుగులు వెనక్కి తగ్గింది. నేను అమ్మాయ్ అన్నాను. ఆమెకి వినపడలేదు, ఆ గుల్లలో ఏం వినపడుతుంది?

నా కొడుకు దగ్గరగా వెళ్లాడు. ఆమెని పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చెయ్యెత్తి ఆ అద్దం పైకి లేపబోయాడు.

ఆమె రెండు చేతులతో దాన్ని కిందికి నొక్కి పట్టుకుంది.